జాజ్ చదివి వైజాగ్ తిరిగొచ్చిన తమ్ముడికి

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇది. చెన్నైలో మూడేళ్లు జాజ్ పియానో చదివి గాజువాక వచ్చేశావు. ఇక్కడ జాజ్ వినేవాళ్లే కనిపించట్లేదు. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే నాన్నగారు వచ్చే ఏడాది రిటైరవుతున్నారు, "ఇప్పుడేం చేస్తావురా?" అని రోజూ అడుగుతున్నారు. హైదరాబాద్ వెళ్లి సినిమాల్లో ప్రయత్నించాలా, ముంబై వెళ్లాలా, బ్యాంకు పరీక్షలు రాసుకోవాలా అన్నది నీ ప్రశ్న.

తమ్ముడూ, నేను గిటారిస్టుని. చెన్నైలో ఒక మాస్టారి దగ్గర ఐదేళ్లు నేర్చుకుని 2002లో ఈ ఊరు తిరిగొచ్చాను. అప్పటి నుంచి ఇక్కడే ఉంటూ, వాయించి, నేర్పించి, రాసిచ్చి ఇల్లు నడుపుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఏడాది పాటు వైజాగ్ వదలొద్దు. ఇక్కడ నీకు అద్దె లేదు, అమ్మ చేతి అన్నం ఉంది, రోజుకి నాలుగు గంటలు సాధన చేసుకునే గది ఉంది. చేతికి పని, చెప్పుకోవడానికి నలుగురు తెలిసినవాళ్లు దొరికాక హైదరాబాద్ వెళ్తే వెళ్లు. ఖాళీగా వెళ్లినవాళ్లు మొదటి ఆరునెలలూ అద్దె కోసమే వాయిస్తారు. చదివింది చేతుల్లోంచి జారిపోయాక తిరిగొచ్చిన కుర్రాళ్లను నలుగురైదుగురిని చూశాను. వాళ్లలో ఇద్దరికి నీకంటే మంచి చెయ్యి ఉండేది.

వినేవాళ్లు లేరన్నావు. నిజమే, టికెట్ కొని జాజ్ వినేవాళ్లు మన ఊళ్లో కొద్దిమందే. కానీ మన దేశంలో జాజ్ వాయించినవాళ్లు టికెట్ల మీద బతికింది ఎప్పుడూ తక్కువే. పాత బొంబాయిలో రాత్రిళ్లు హోటళ్లలో జాజ్ వాయించిన గోవా వాద్యకారులే పగలు సినిమా స్టూడియోల్లో కూర్చుని ఆర్కెస్ట్రాలకు నొటేషన్ రాసేవారు. ట్రంపెట్ వాయించే చిక్ చాకొలేట్ సి.రామచంద్ర దగ్గర పనిచేశాడు, సెబాస్టియన్ డిసౌజా శంకర్-జైకిషన్ దగ్గర అరేంజర్‌గా ఉన్నాడు. సంగీత దర్శకుడు హార్మోనియం మీద పాడి వినిపించిన బాణీకి పెద్ద ఆర్కెస్ట్రా వాయించగల రూపం ఇచ్చింది అలాంటివాళ్లే. అక్కడ డబ్బులొచ్చింది జాజ్ వాయించినందుకు కాదు. జాజ్ వల్ల పదునెక్కిన చెవికి, నొటేషన్ చదవడం రాయడం వచ్చిన చేతికి. నువ్వు చెన్నై నుంచి తెచ్చుకున్నదీ అవే.

నాకు ఇది అర్థమైన రోజు బాగా గుర్తుంది. 2009లో అక్కయ్యపాలెంలో ఒక చిన్న స్టూడియో. క్రైస్తవ గీతాల ఆల్బమ్ రికార్డింగ్. పాట డీ మేజర్ శ్రుతిలో సిద్ధం చేసి పెట్టారు. పాడే ఆవిడ పల్లవి హాయిగా పాడింది గానీ చరణంలో పైస్థాయికి వెళ్లేసరికి గొంతు బిగుసుకుపోతోంది. నాలుగో టేకుకి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంజినీరు ట్రాక్ మొత్తాన్ని కంప్యూటర్‌లో మూడు మెట్లు దించి బీ శ్రుతికి తెచ్చి చూశాడు. గిటారు డబ్బా మోగినట్టు మోగింది. స్టూడియోకి గంటకింత అని కడుతున్న పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నారు. నేను పది నిమిషాలు అడిగాను. డీలో ఓపెన్ తీగల మీద మోగే కార్డులు (కలిపి మోగించే స్వరాలు) బీలో అలాగే పడవు, కాబట్టి చరణానికి వేరే వాయిసింగులు, అంటే అవే స్వరాలకు వేరే అమరికలు, రాసుకున్నాను. చరణం ముందు రెండు బార్లు (తాళం ఆవర్తాలు) చేర్చి, ఆవిడ ఊపిరి తీసుకునేలా అక్కడ స్వరాన్ని పట్టి ఉంచే కార్డు ఒకటి పెట్టాను. ఫ్లూటాయన సంచిలోంచి శ్రుతికి సరిపోయే వేరే వేణువు తీశాడు. ఆవిడ ఒకే టేకులో పాడేసింది. ఆ పాటలో జాజ్ అన్నది ఎవరికీ వినిపించదు. కానీ ఆ పది నిమిషాలు నాకు ఆ పాస్టరుగారి నుంచి, ఆయనకు తెలిసినవాళ్ల నుంచి ఆరేళ్ల పాటు పని తెచ్చిపెట్టాయి.

చర్చి సంగీతం మన ఊళ్లో, మన ఉత్తరాంధ్రలో చాలా పెద్ద పని. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా స్టూడియోలు ఖాళీ ఉండవు. నీ మతం ఎవరూ అడగరు. సమయానికి వచ్చాడా, పాడేవాళ్లను కంగారుపెట్టకుండా వాయించాడా అన్నదే చూస్తారు. క్వయర్‌కి నాలుగు గొంతుల్లో హార్మొనీ రాసిచ్చేవాళ్లు ఇక్కడ చాలా తక్కువ. కాలేజీలో నువ్వు విసుక్కుంటూ చేసిన అరేంజింగ్ క్లాసు నీకు మొదట అన్నం పెట్టేది ఇక్కడే.

తర్వాత పెళ్లిళ్లు, సంగీత్‌లు, రుషికొండ వైపు రిసార్టులు, బీచ్ రోడ్డు హోటళ్లు. దీనికి ఒక లెక్క తెలుసుకో, మా ఆదాయం పంచాంగాన్ని పట్టి నడుస్తుంది. శ్రావణం, మాఘం, వైశాఖం బాగుంటాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజులు ఖాళీ. కొత్తవాళ్లు మాఘమాసం డబ్బు చూసి బైకు వాయిదాలు పెట్టుకుంటారు, ఆషాఢంలో కట్టలేక వాద్యం అమ్ముకుంటారు. హోటల్లో రాత్రి భోజనాల వేళ వాయించే పని దొరికితే వదలొద్దు. జీతం పెద్దగా ఉండదు, కానీ వారానికి మూడు రాత్రులు మంచి వాద్యం మీద రెండు గంటలు వాయించడమంటే, డబ్బిచ్చి సాధన చేయించుకున్నట్టే. అక్కడ ఘంటసాల పాట బాణీ కుడిచేత్తో, నీ జాజ్ హార్మొనీ ఎడమచేత్తో మెల్లగా వాయించి చూడు. భోజనం చేస్తున్న పెద్దాయన చెంచా పక్కన పెట్టి నీ వైపు తిరిగితే ఆ అమరిక కుదిరినట్టు. ఇంటికెళ్లి అదే రాసిపెట్టుకో. అలాంటివి నలభై పాటలు తయారు చేసుకుంటే ఈ ఊళ్లో నీకు పోటీ లేదు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. నువ్వు కాలేజీలో మెలోడిక్ మైనర్ అని నేర్చుకున్న స్కేలు మన గౌరీమనోహరి రాగం. దాని మధ్యమాన్ని షడ్జం చేసుకుంటే వాచస్పతి వస్తుంది, మీరు లిడియన్ డామినెంట్ అని సెవెన్త్ కార్డుల మీద వాయించేది అదే. పంచమం నుంచి మొదలుపెడితే చారుకేశి. మనవాళ్లు గ్రహభేదం అని, అక్కడివాళ్లు మోడ్స్ అని ఒకే ఇంటికి రెండు గుమ్మాలు కట్టుకున్నారు. అయితే ఈ లెక్క తెలిసినంత మాత్రాన రాగం రాదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, లేని చారుకేశి ఉత్త స్కేలే. పియానో మీద గమకం పలకదు, అందుకే వినాలి. గంటన్నర ప్రయాణంలో విజయనగరం ఉంది. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ తర్వాత ప్రిన్సిపాల్‌గా ఉన్న చోటు. వయొలిన్ అంటే పరాయి దేశపు వాద్యమే. దాన్ని మన గొంతులా పలికించిన ఆ ద్వారంవారు మన కశింకోటలో పెరిగారు. పాలకొల్లు నుంచి వచ్చిన యు.శ్రీనివాస్ మాండొలిన్ పట్టుకుని జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని రిమెంబర్ శక్తి అనే బృందంలో వాయించాడు. మెక్‌లాఫ్లిన్ అంతటివాడు అతని పక్కన కూర్చుంది, అతను జాజ్ బాగా వాయిస్తాడని కాదు. తన సంగీతం లోతుగా తెలిసినవాడని. నువ్వు వారానికి ఒక్క రోజు మృదంగం నేర్పే మాస్టారి దగ్గర కూర్చుని చేత్తో తాళం వేస్తూ కొనక్కోలు, అంటే మృదంగం జతులు నోటితో, చెప్పు. మిశ్రచాపు తాళం ఏడు అక్షరాలు ఒంట్లోకి దిగాక మీ సెవెన్ ఎయిట్ లయ అంటే నీకు భయం ఉండదు. ముంబై పియానిస్టు దగ్గర లేనిది నీ దగ్గర ఏముందని ఎప్పుడైనా ఎవరైనా అడిగితే చూపించడానికి ఇదే ఉంటుంది.

నేర్పించడం గురించి. చాలామంది దీన్ని వాయించడం చేతకానివాళ్ల పనిగా చూస్తారు. ఆ మాట నాకు గిట్టదు. ఆషాఢంలో మా ఇంట్లో పొయ్యి వెలిగేది పాఠాల వల్లే. నేను ఒక్కో విద్యార్థి దగ్గర వారానికి ఒక క్లాసు చొప్పున నెలకి 2,500 తీసుకుంటాను. ఇరవై మంది ఉంటే 50,000. ఫిబ్రవరి, మార్చిలో పరీక్షలని సగం మంది మానేస్తారు, ఏప్రిల్ చివర వేసవి సెలవులకు కొత్తవాళ్లు వస్తారు. ఏడాది మొత్తం మీద సగటున పద్నాలుగు మందే అనుకుని లెక్క వేసుకో. పిల్లల తల్లిదండ్రులు లండన్ సంస్థలైన ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే గ్రేడ్ పరీక్షలు అడుగుతారు. ఆ సిలబస్‌లు తెచ్చుకుని ఎనిమిదో గ్రేడ్ దాకా నువ్వే ఒకసారి వాయించుకో. పిల్లాడికి గ్రేడుతో పాటు వాడికి ఇష్టమైన తెలుగు పాట ఒకటి చెవితో పట్టడం నేర్పు. ఇంట్లో బంధువుల ముందు వాడు వాయించేది ఆ పాటే, ఆ ఒక్క పాటతో నీకు ఇంకో ఇద్దరు పిల్లలు వస్తారు.

నేవీ బ్యాండ్ గురించీ అడుగుతారు కాబట్టి ఒక మాట. మ్యూజిషియన్ నియామకాలకు వయసు పరిమితి బాగా తక్కువ, డిగ్రీ స్థాయి చదువు ముగించేసరికి చాలామందికి అది దాటిపోతుంది. నోటిఫికేషన్ చూసుకుని నీ పుట్టిన తేదీతో సరిచూసుకో, దాటితే మర్చిపో.

కానీ ఓడల మాట వేరు. మన ఊళ్లో ప్రతి వీధిలో ఒక షిప్పు ఉద్యోగి ఉంటాడు, అయినా క్రూయిజ్ షిప్పుల్లో వాద్యకారులకూ పని ఉంటుందని చాలామందికి తెలీదు. అక్కడ షో బ్యాండులకు కావలసింది సరిగ్గా నీలాంటివాళ్లే. మధ్యాహ్నం చేతికి నొటేషన్ ఇస్తే, రాత్రికి చెవిలో తాళం కొట్టే క్లిక్ ట్రాక్ వింటూ తప్పు లేకుండా వాయించాలి. కాంట్రాక్టు ఆరు నెలలకు అటూఇటూగా ఉంటుంది, తిండీ బసా ఓడలోనే, కాబట్టి జీతం చాలావరకు మిగులుతుంది. పాస్‌పోర్టు, సీడీసీ (ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం), భద్రతా శిక్షణ, మెడికల్ అడుగుతుంటారు. ఇక్కడ మాత్రం జాగ్రత్త. నా శిష్యుడు ఒకణ్ని ఒక ఏజెంటు లక్షన్నర అడిగాడు, వాళ్ల నాన్న అప్పు చేసి ఇచ్చేశాడు కూడా. ఉద్యోగమూ రాలేదు, డబ్బులో సగమే వెనక్కి వచ్చింది. ఉద్యోగం ఇప్పించినందుకు మనిషి దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది నియమం. ఓడల వ్యవహారాలు చూసే కేంద్రప్రభుత్వ విభాగం డీజీ షిప్పింగ్ ఏజెంట్లకు ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు వాడికి ఉందో లేదో ఆ విభాగం వెబ్‌సైట్‌లోనే చూసుకున్నాకే నీ కాగితాలు ఇవ్వు. నొటేషన్ చూడగానే వాయించడం రోజూ అరగంట సాధన చెయ్యి, ఆడిషన్‌లో చాలామంది పోయేది అక్కడే.

ఇప్పుడు హైదరాబాద్. సినిమా పని ఈ రోజుల్లో చాలావరకు ఫైళ్ల రూపంలో నడుస్తుంది, నువ్వు గాజువాకలో ఉండి కూడా అందులో చెయ్యి పెట్టొచ్చు. సంగీత దర్శకుల దగ్గర కంప్యూటర్‌లో సంగీతం ప్రోగ్రామింగ్ చేసే కుర్రాళ్లకు రీరికార్డింగ్ (సీన్లకు నేపథ్య సంగీతం చేర్చే) సమయంలో నిద్ర ఉండదు. రాత్రి పదకొండుకి "ఈ సీనుకి పియానో కావాలి, ఉదయానికి" అని అడుగుతారు. అప్పుడు ఉదయం ఏడింటికల్లా శుభ్రమైన ఫైలు పంపేవాడి నంబరు వాళ్లు దాచుకుంటారు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు, ఎఫెక్టులు లేనిది ఒకటి, ఉన్నది ఒకటి. ఫైలు పేరులోనే టెంపో, శ్రుతి, సీను నంబరు. అన్నీ ఒకే చోటు నుంచి మొదలవ్వాలి, వాళ్లు టైమ్‌లైన్‌లో వేయగానే కూర్చోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నాకు రెండో సినిమా పని వచ్చింది మాత్రం నా వాయింపు బాగుందని కాదు, నా ఫైళ్లతో తలనొప్పి లేదని. ఇద్దరు ముగ్గురితో ఇలా ఆరునెలలు పని చేశాక వాళ్లే రమ్మంటారు. అప్పుడు వెళ్లు.

డబ్బు కాగితాలు. ఎంత దగ్గరివాళ్లయినా సగం అడ్వాన్సు తీసుకున్నాకే తేదీ ఒప్పుకో, మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో ఒక్క మెసేజ్‌గా రాసి పంపి "సరే" అనిపించుకో. 2011లో మూడు కార్యక్రమాల డబ్బు ఒక ఈవెంట్ నిర్వాహకుడు ఎగ్గొట్టాడు, నా దగ్గర ఒక్క ముక్క రాత లేదు, అడగడానికి వెళ్తే మా బ్యాండువాళ్ల ముందే నన్ను చులకన చేశాడు. డ్రమ్మర్‌కి నా జేబులోంచి ఇచ్చాను. కంపెనీలు 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని ఇస్తే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి, నీ ఆదాయం స్థాయిలో అది చాలావరకు తిరిగొస్తుంది. సొంత బాణీలు విడుదల చేస్తే, పాటల రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ సంస్థలో సభ్యుడివి కా. 2012 కాపీరైట్ సవరణ తర్వాత సినిమాకిచ్చిన పాటైనా సరే, హాల్లో ఆ సినిమాతో పాటు ఆడటం కాక మిగతా వాడకాల రాయల్టీలో స్వరకర్తకీ గీతకర్తకీ వాటా ఉంటుంది, దాన్ని రాసిచ్చెయ్యమన్నా ఆ రాత చెల్లదు. "అన్ని హక్కులూ మావే" అనే కాగితం ముందు పెడితే భయపడి సంతకం చేసేసే రోజులు కావు ఇవి.

మరి జాజ్? ఇంతసేపూ దాన్ని పక్కన పెట్టినట్టు అనిపిస్తే నా తప్పు. పై పనులన్నీ చేస్తూ జాజ్ వాయించడం మానేస్తే రెండేళ్లలో నీ చెవి మొద్దుబారుతుంది, ఆ పనులూ పోతాయి. నాకు 2005, 2006లో అలాగే అయింది. అన్ని పాటలకూ ఒకే నాలుగు కార్డులు పడుతున్నాయని నా వేళ్లే నాకు చెప్పాయి. అప్పటి నుంచి ఆదివారం సాయంత్రం ఎవరికీ ఇవ్వను. ఎంవీపీ కాలనీలో ఒక మిత్రుడి మేడ మీద గదిలో కూర్చుంటాం. నేవీ బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరైన పెద్దాయన, ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే డ్రమ్మర్, నేను. కిటికీ తెరిస్తే ఉప్పుగాలి, మూస్తే ఉక్కపోత. పెద్దాయన పన్నెండు బార్ల బ్లూస్ మీద మోహన రాగం ఎత్తుకుంటే గంట గడిచేది తెలీదు. మా ముగ్గురిలో బేస్ వాయించేవాడు లేడు. ఎడమచేత్తో బేస్ నడిపిస్తూ కుడిచేత్తో కార్డులు కొట్టే పియానిస్టు కోసం ఆ పెద్దాయన చాలా కాలంగా అడుగుతున్నారు. మీ గాజువాక వైపూ అలాంటి ఇద్దరు ఉంటారు, వెతుక్కో. ఆరు నెలలు వాయించాక ఏప్రిల్ 30న, జాజ్ దినోత్సవం నాడు, నలభై కుర్చీలు పట్టే కాఫీ షాపులో ఒక కార్యక్రమం పెట్టు. పెద్ద ఆడిటోరియం జోలికి వెళ్లొద్దు, ఖాళీ కుర్చీలు చూస్తే చెయ్యి వణుకుతుంది. ప్రతి పాటకి ముందు అందులో ఏం జరగబోతోందో రెండు వాక్యాలు తెలుగులో చెప్పు. "ఇప్పుడు డ్రమ్మరూ నేనూ నాలుగేసి బార్లు మాట్లాడుకుంటాం" అంటే జనం అది వెతుక్కుంటూ వింటారు.

రాసుకున్నవి స్కాన్ చేసి పెట్టుకో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి మా మేడ గది కిటికీలు పగిలి రెండు ఆంప్లిఫయర్లు, పదేళ్ల నొటేషన్ పుస్తకాలు తడిసిపోయాయి. ఆంప్లిఫయర్లు మళ్లీ కొనుక్కున్నాను. కీబోర్డు వాయించాక గుడ్డ కప్పి, సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు, సముద్రం పక్క ఊళ్లో జాక్‌లు (వైర్లు గుచ్చే చోట్లు) త్వరగా చిలుము పడతాయి.

నాన్నగారికి జవాబు నోటితో చెప్పొద్దు. ఒక నోటుబుక్కు పెట్టు. తేదీ, పని, వచ్చిన డబ్బు, రావలసిన డబ్బు. నెలాఖరున ఆయన ముందు పెట్టు. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు లెక్కలు చూసిన మనిషికి ఆ పేజీ అర్థమవుతుంది. పన్నెండు నెలల తర్వాత కూడా ఆ పేజీలు నెలకి 20,000 దాటకపోతే బ్యాంకు పరీక్ష రాయి, నేనేమీ అనను. మా డ్రమ్మర్ ఉద్యోగం చేస్తూనే ఈ ఊళ్లో అందరికంటే బాగా వాయిస్తాడు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. రెండు నిమిషాల వీడియో తీసి, గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ఉన్న స్కూళ్లు, స్టూడియోలు, చర్చిలు, హోటళ్లు కలిపి ఇరవై చోట్లకు పంపు. మొదటి నిమిషం అందరికీ తెలిసిన పాత తెలుగు పాట, రెండో నిమిషం నీకు నచ్చిన జాజ్. పగటి వెలుతురులో తియ్యి, ఫోను పక్క నుంచి పెట్టు. చేతులు రెండూ కనిపించాలి.